పోలిక రానివాళ్ల పంక్తి

నాయుడుపేటలో మా చిన్నమ్మాయి కాన్పు చూసుకుని, బిడ్డకు మెడ నిలిచాక ఇంటికి తిరిగి వస్తున్నాను. బిట్రగుంటలో రైల్వే గేటు పడి ఆటో ఆగింది. గేటు పక్కన కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. నీలం కోటు, ఎర్ర టై, వెనకాల జలపాతం, పై మూల నుంచి ఎగిరొస్తున్న తెల్ల పావురం. మధ్యలో ఎవరో పెద్దమనిషి. ముఖం సున్నం కొట్టిన గోడలా నున్నగా, తెల్లగా ఉంది. మనకు తెలిసిన మనిషి కాదులే అనుకున్నాను.

గూడ్సు బండి నింపాదిగా పోతోంది. ఊరికే కూర్చోలేక కింద అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. నాకు చదువు వచ్చింది పెద్దమ్మాయి పెళ్లి చేసిన తర్వాత. అప్పటి నుంచి గోడ మీద ఏం రాసి ఉన్నా చివరిదాకా చదవందే కదలను. ‘ప్రభువు పిలుపునందుకున్న’ అని ఉంది. ఆ కింద పేరు. పేరు కింద, వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక అని ఉంది.

పేరు మళ్లీ చదివాను. మళ్లీ పైకి చూశాను. అంత తెల్లదనం కింద ఎడమ కనుబొమ మాత్రం కుడిదానికన్నా కాస్త పైకి లేచి ఉంది. ఆయనలో అదొక్కటే మిగిల్చారు.

ముఖం చూసి పోల్చుకోలేని మనిషిని పేరు చదివి పోల్చుకున్నాను. ఆయనే గనక ఆ స్తంభం ముందు నిలబడి ఉంటే ఒకటే మాట అనేవాడు. “పోలిక రాలేదు” అనేవాడు. అని, సంతోషంగా చేతులు రుద్దుకునేవాడు.

ఆ సంతోషం ఎందుకో చెప్పాలంటే ఆయన పని గురించి చెప్పాలి.

ఆయన పటాలు గీసేవాడు. పోయినవాళ్ల పటాలు. రేషను కార్డు మీది బొటనవేలంత ఫోటో తెచ్చినా సరే, పెళ్లి గుంపులో వెనక వరసన సగం కనబడే తల చూపించినా సరే, దాని మీద సన్నగా గళ్లు గీసి, పెద్ద అట్ట మీద అన్నే గళ్లు పెద్దవిగా గీసి, గడి తర్వాత గడి నింపుకుంటూ పోయి గోడకు తగిలించేంత మనిషిని తయారుచేసేవాడు. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగనివాళ్లు ఉండేవారు. వాళ్లను పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటో ఇంటివాళ్లు తెచ్చేవాళ్లు. వాళ్లకు ఈయన కళ్లు తెరిచేవాడు. జన్మలో పట్టుచీర కట్టని ఆడమనిషికి పట్టుచీర కట్టించి మెడలో కాసులపేరు వేసేవాడు. “ఇంకో వరస గొలుసు ఎయ్యన్నా” అని అడిగితే మారుమాట లేకుండా వేసేవాడు. “కొంచెం రంగు తేల్చన్నా” అంటే మాత్రం గొణుగుతూ తేల్చేవాడు.

పటం కింద పేరు అన్నిటికన్నా చివర్న రాసేవాడు. అది ఆయన పద్ధతి. ఇంటిల్లిపాదీ వచ్చి కొట్లో బల్ల మీద కూర్చుని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, “ఆ, మా నాయనే” అనాలి. అప్పుడు సన్న బ్రష్షు తీసి పేరు రాసేవాడు. వాళ్లు ఒప్పుకోకపోతే పేరు లేదు.

ఒప్పుకోని పటాల మీద మామూలుగా తెల్లరంగు పూసి, అదే అట్ట మీద ఇంకొకరిని గీస్తారు. ఈయన అలా చేసేవాడు కాదు. తెచ్చి కొట్టు వెనక గదిలో తగిలించేవాడు. తనవే కాదు, పక్క ఊళ్ల పెయింటర్లవి కూడా. కావలి పోయినా, నాయుడుపేట పోయినా, పటాల కొట్టు కనబడితే లోపలికి దూరి, “కాదన్నవి ఏమన్నా ఉండాయా సామీ?” అని అడిగేవాడు. అడిగించుకున్నవాళ్లకు అది సిగ్గు. బీరువా వెనక దాచినవీ పరుపు కింద పెట్టినవీ బతిమాలితే గానీ బయటకు తీసేవాళ్లు కాదు. ఒక కొత్త అట్ట ఇచ్చి ఒక కాదన్న పటం తెచ్చుకునేవాడు. దానితోపాటు ఇంకొకటి కూడా తెచ్చుకునేవాడు, ఎందుకు కాదన్నారన్న మాట. ఆ మాట తెలియకపోతే పటం ఎంత బాగున్నా ముట్టుకునేవాడు కాదు.

ఒకసారి ఒక పెయింటరు మంచి పటం ఒకటి ఊరికే ఇవ్వబోయాడు. ఇంటివాళ్లు చూసి, ఒప్పుకుని, మళ్లీ తీసుకుపోవడానికి రాలేదట. ఈయన దాన్ని చంటిబిడ్డను ఇచ్చినట్టు రెండు చేతులతో వెనక్కి ఇచ్చేశాడు. “వాళ్లు కాదన్లేదు గదా. మర్చిపోయినారు, అంతే. ఈయన వాళ్లోడే” అన్నాడు.

బిట్రగుంట సంత రోజుల్లో నేను ఆయన కొట్టు అరుగు మీద ఎండుచేపల గంప పెట్టుకునేదాన్ని. మా పాలెం నుంచి వచ్చేవాళ్లకు ఆ బజారులో నీడ దొరికే చోటు అదొక్కటే. మొదటి రోజే లోపల నుంచి గొంతు వినబడింది.

“మ్మే, నీ చేపల వాసనకి లోపల నా వాళ్లు ముక్కులు మూసుకుంటా ఉండారు.”

“చచ్చిపోయినోళ్లకి వాసనేందన్నా?”

“చచ్చిపోయినారని ఎవురు చెప్పినారు నీకు? ఇంటోళ్లు ఒప్పుకుంటే గదా చచ్చిపోయినట్టు. వీళ్లు ఇంకా యాడా కుదురుకోలా. లోపలికి రా, చూద్దువు.”

వెళ్లాను. నాలుగు గోడల నిండా మనుషులు. కాకపోతే అందరూ నా నడుము ఎత్తున ఉన్నారు. పోయినవాళ్ల పటాన్ని ఎవరైనా తలెత్తి చూసేటంత పైన తగిలిస్తారు. ఈయన కూర్చున్న మనిషి ముఖం ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున పెట్టాడు.

“నిలబడి చూడబాక. వాళ్లు కూర్చోనుండారు గదా. నువ్వు నిలబడితే పోలీసోళ్లు వచ్చినట్టుంటాది వాళ్లకి” అని ముక్కాలిపీట జరిపాడు.

కూర్చున్నాను. కూర్చోగానే అవి పటాలుగా కాక, ఒక ఇంట్లో ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చున్న మనుషులుగా కనిపించాయి. దండలు లేవు. బొట్లు లేవు. ముందు వెలిగే చిన్న బల్బు లేదు. చదవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఒక్కో పటం కిందా వెతికాను. ఒక్క అక్షరం లేదు.

“పేర్లు లేకుండా ఎవురు ఎవురో నీకెట్ట తెలస్తాదన్నా?”

“ఎవురు ఎవురి పక్కన కూర్చోనుండారో తెలిస్తే చాలు. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు పేర్లు అడగతాడా?”

ఆ గోడలను పంక్తి అనే పిలిచేవాడు. పొద్దున్నే వచ్చి, చేతిలో సుత్తి, నోట్లో రెండు మేకులు పెట్టుకుని, ఒకరిని అక్కడి నుంచి ఇక్కడికి మార్చేవాడు. మార్చి, పీట మీద కూర్చుని, ఎడమ కనుబొమ పైకి లేపి చూసేవాడు. తనలో తాను ఏదో గొణుక్కునేవాడు. ఆ గొణుగుడు ఆయనకు పనిలో భాగం. మనల్ని వినమని కాదు. “ఏందన్నా?” అని అడిగితే విసుక్కునేవాడు.

ఎవరిని ఎందుకు కాదన్నారో మాత్రం అడక్కుండానే చెప్పేవాడు. కాదన్నవాళ్ల గొంతుతోనే చెప్పేవాడు.

“ఈయన కొడుకు ఏమన్నాడో తెలుసా? మా నాయన ఇంత మంచోడు కాదన్నా, చూసినోళ్లు నవ్వతారు అన్నాడు. ఇదిగో ఈమె కోడలు, మా అత్త నవ్వడం మేమెవురం చూళ్లా, ఈమె ఎవురో అనేసి ఎలబారి పోయింది. అందుకని ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టినా. ఇద్దరూ ఇంటోళ్లకి తెలీకుండా మంచోళ్లు.”

ఇంకొక పటంలో ఒక నడివయసు మనిషి చాలా ప్రేమగా చూస్తూ ఉంటాడు. ఆయన భార్య వచ్చి చాలాసేపు కూర్చుని, “ఈ మనిషి నన్నెప్పుడూ ఇట్ట చూళ్లేదన్నా, నాకొద్దు” అని లేచిపోయిందట. ఆయనను కిటికీ పక్కన ఒంటరిగా పెట్టాడు. “ఆయన చూపు బయటికి పోవాల. ఇంట్లో ఎవురి మీద పడినా తగాదానే” అన్నాడు.

తలుపు తీయగానే వెలుతురు నేరుగా పడే గోడ ఒకటుంది. ఆ గోడ మొత్తం ‘నలుపెక్కువైంది’ అని కాదన్నవాళ్లది. పడవ లాగినవాళ్లు, నాట్లు వేసినవాళ్లు, రైల్వే పట్టాల మీద పనిచేసినవాళ్లు. ఎండకు కమిలిన చర్మం ఎన్ని రంగులు కలిస్తే వస్తుందో ఆ గోడ చూసేదాకా నాకు తెలియదు. నీలం ఉంది, ఊదా ఉంది, ఒకామె బుగ్గ మీద తడి ఇసుక రంగు ఉంది. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన గోడ అది. ఫోటోకు అచ్చుగుద్దినట్టున్న పటాలంటే ఆయనకు పడేది కాదు. “ఫోటో మాదిరే కావాలంటే ఫోటోనే పెట్టుకోమను. మధ్యలో నేనెందుకు?” అనేవాడు.

ఊళ్లో కొంతమందికి ఆ గది అంటే భయం. ఆయనకు పెళ్లాంబిడ్డలు లేరు. తమ్ముడి కుటుంబం అదే ఇంట్లో ఉండేది. తమ్ముడి కొడుక్కి సంబంధం వచ్చి, పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. నేను అరుగు మీదే ఉన్నాను. వాళ్లలో ఒక పెద్దాయన తెరిచి ఉన్న తలుపులో నుంచి ఆ గదిలోకి చూసి ఆగిపోయాడు.

“ఇంతమంది పోయినారా అయ్యా మీ ఇంట్లో?”

“ఛఛ, వీళ్లెవురూ మావాళ్లు కారండీ” అన్నాడు ఈయన, ధైర్యం చెబుతున్నాననుకుని.

“మరెవురు?”

“ఎవురికీ తెలీదండీ. వాళ్ల ఇంటోళ్లే కాదన్నారు.”

వాళ్లు కాఫీ సగంలో పెట్టి లేచారు. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత వేరే సంబంధం కుదిరి, ఆ అబ్బయ్య పెళ్లి బాగానే జరిగింది. అయినా ఆ గది వైపు చూసినప్పుడల్లా “నా పెళ్లి చెడగొట్టిన బ్యాచ్” అనేవాడు. ఆ మాటలో సగం నవ్వు, సగం నిజం ఉండేవి.

ఇక మా అమ్మ పటం సంగతి.

మా వైపు పెద్దలకు బట్టలు పెట్టే పండగ నాడు గోడన పటం ఉంటే దాని ముందు కొత్త చీర పెడతాం. మా అమ్మకు పటం లేదు. ఉన్న ఒక్క ఫోటో నీళ్లొచ్చిన ఏడు కొట్టుకుపోయింది. నేను చెంబు పెట్టి, ఆ చెంబు ముందు చీర పెట్టేదాన్ని. ఒక సంత రోజు అడిగాను.

“ఫోటో లేదన్నా. నోటితో చెప్తే గీస్తావా?”

“ముక్కు ఇట్టుంటాది, నోరు అట్టుంటాది అని చెప్పబాక. చేపలు ఆరబోసినప్పుడు కాకులొస్తే మీ అమ్మ ఏం చేసేది? అది చెప్పు.”

రాయి విసిరేది కాదు, కొంగు విదిలించేది. చెప్పాను. చేసి చూపించమన్నాడు. చూపించాను. కోపమొస్తే ఎలా కూర్చునేది, అలిసిపోతే తల ఎక్కడ ఆనించేది, అన్నీ అడిగాడు. అరుగు మీద నేను మా అమ్మనై కొంగు విదిలిస్తుంటే సంతకొచ్చిన ఒకామె నిలబడిపోయింది.

“ఈమెకేమయిందబ్బా?”

“పూనకంలే, నువ్వు పో” అన్నాడు ఆయన, తల ఎత్తకుండా గీసుకుంటూ.

కొన్ని వారాలకు లోపలికి పిలిచాడు. పీట మీద కూర్చుని చూశాను. బాగుంది. నుదురు మా అమ్మదే. పెదవి కింద గుంట మా అమ్మదే. చూసేకొద్దీ ఎవరో తెలియని మనిషి ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది.

“మా అమ్మ కాదన్నా” అన్నాను.

ఆయన చేతులు రుద్దుకున్నాడు. “యాడ తేడా?”

వెంటనే చెప్పలేకపోయాను. గంప సర్దుకుని ఇంటికి పోయే దారిలో తెలిసింది. మా అమ్మకు ఎడమ చెవి వినబడేది కాదు. ఎవరు మాట్లాడినా కుడి చెవి వాళ్ల వైపు తిప్పేది. అంటే ముఖం ఎప్పుడూ అవతలి పక్కకు ఉండేది. పుట్టిన దగ్గర్నుంచి నేను మా అమ్మతో మాట్లాడింది ఆమె చెవితో, చెంపతో. నా కళ్లలోకి సూటిగా చూస్తున్న ఆ పటం మనిషి నాకు కొత్త మనిషి.

తర్వాతి సంతకు వచ్చి చెప్పాను. ఆయన విని, మొదటి పటాన్ని అలాగే ఉంచి, రెండోది గీశాడు. ముఖం పక్కకు తిప్పి, కుడి చెవి మన వైపు పెట్టి. అదీ చూశాను.

“అలిగి కూర్చున్నట్టుందన్నా. మా అమ్మ అలిగేది కాదు. వినేది.”

“చెవి గీస్తా మే. వినడం ఎట్ట గీసేది?” అన్నాడు. ఆయన గొంతులో కోపం విన్నది ఆ ఒక్కసారే. “నువ్వు కాదన్నావంటే కాదు. ఎవురి అమ్మ ఎట్టుంటాదో వాళ్లకే తెలస్తాది. పోయి చేపలమ్ముకో.”

నేను మొహమాటానికి ‘సరేలే అన్నా, మా అమ్మే’ అని ఉంటే పేరు రాసేసి ఇచ్చేవాడు. నేనూ మోసుకుపోయి గోడకు పెట్టుకునేదాన్ని. అలా అననందుకు ఇప్పటికీ నాకు సంతోషం. ఎందుకంటే ఆ తర్వాత చాలా రోజులకు, నేను గంప దించకముందే ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“గంప ఆడ పెట్టి రా.”

పీట ఎప్పుడూ ఉండే చోటు కాక కుడి గోడ ముందు వేసి ఉంది. కూర్చున్నాను. ఎదురుగా రెండు పటాలు. ఒకటి నేను కాదన్న రెండో పటం. దాని పక్కన, ఆమె కుడి చెవి వైపున, కావలి నుంచి తెచ్చిన ఒక ముసలాయన. సగం తెరిచిన నోరు, లేపిన చూపుడువేలు. మా నాయన నోరు మూసుకున్నప్పుడు గీయాల్సిందని ఆయన కొడుకులు కాదన్నారట.

“ఆయన నోరు మూసుకున్నది ఎప్పుడు గనక” అని గొణిగాడు ఈయన వెనక నుంచి.

ఆ ముసలాయన ఏదో చెబుతున్నాడు. బహుశా వానల గురించి, లేకపోతే ఎవరో పడవ అమ్ముకున్నారని. ఆమె వింటోంది. అలక లేదు, ఏమీ లేదు. తల కొంచెం వంచి, చూపు ఎటో వదిలేసి, చెవి ఆయనకిచ్చి వింటోంది. మా అమ్మ. పటంలో లేని మా అమ్మ ఆ రెండు పటాల నడుమ ఉంది. గీతతో రానిది ఆయన ఒక్క మేకు మార్చి రప్పించాడు.

చాలాసేపటికి వెనక్కి తిరిగాను. ఆయన అప్పటికే సన్న బ్రష్షు పట్టుకుని ఉన్నాడు.

“ఒప్పుకున్నట్టేనా? పేరు చెప్పు, రాస్తా. తీసుకుపోదువు.”

“వద్దన్నా. ఈమె ఒక్కతే వస్తే మళ్లీ మా అమ్మ కాదు.”

“ఆయన్ని కూడా తీసుకుపో.”

“అప్పుడు ఆయనకి ఇవతల పక్కనుండే ఆయన ఒంటిగాడవతాడు.”

ఆయన ఎడమ కనుబొమ లేచింది. బ్రష్షు తుడిచి డబ్బాలో పెట్టేశాడు. “నీకు పంక్తి తెలిసిపోయింది మే” అన్నాడు. నేను బడిలో చదవలేదు గనక నాకు ఎవరూ మార్కులు వెయ్యలేదు. ఎవరైనా వేశారంటే ఆ రోజు ఆయన వేసినవే.

అప్పటి నుంచి పెద్దల పండగకు కొత్త చీర తెచ్చి ఆ గదిలో పీట మీద పెట్టేదాన్ని. మొదటి ఏడే ఆయన అడ్డం పడ్డాడు. “ఏడాది పొడుగునా ఆమెకి కబుర్లు చెప్పేది ఆయన. ఆయనకేం లేదా?” మరుసటి ఏడు ముసలాయనకు ఒక తువ్వాలు కూడా తెచ్చాను. చర్చికి పోయే ఆ ఇంట్లో, వాళ్ల చుట్టాలెవరూ కాని ఇద్దరికి, నేను బట్టలు పెట్టేదాన్ని. ఆయనకు అందులో వింతేమీ కనబడలేదు.

మద్రాసులో బొమ్మల ప్రదర్శనలు పెట్టే ఒకామె ఎవరి దగ్గరో విని కారులో వచ్చింది. మర్యాదస్తురాలు. ఎవరూ చెప్పకుండానే తనంతట తానే పీట మీద కూర్చుంది. దాంతో ఆయనకు ఆమె నచ్చింది. నల్లగోడ ముందు ఆమె చాలాసేపు కూర్చుని, వాటిలో కొన్ని ఇవ్వమని అడిగింది.

“అందర్నీ తీసుకుపోయి, ఇట్టే కూర్చోబెడతారా?”

“అంత చోటు ఉండదండీ. బాగున్నవి ఎంచుకుంటాను.”

“బాగున్నవి ఎంచుకోవడం వాళ్ల ఇంటోళ్లు ఒకసారి చేసినారు గదమ్మా. మళ్లీ మీరు కూడానా?” అన్నాడు.

ఆమె పీట మీద నుంచి లేచింది. పోయేటప్పుడు ఆయనకు దండం పెట్టి పోయింది. కారు మలుపు తిరిగాక నేనన్నాను, “ఇస్తే నలుగురూ చూసుందురు గదన్నా” అని.

“పంక్తి మధ్యలోనుంచి మనిషిని లేపకూడదు మే. అది ఆ మనిషికీ అవమానం, పక్కనున్నోళ్లకీ అవమానం.”

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పటాలు గీయించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆయన చేయి కూడా వణకడం మొదలైంది. గీయడం మానేశాడు గానీ, పొద్దున్నే సుత్తి పట్టుకుని కూర్చున్నవాళ్లను మార్చడం మానలేదు. ఆయన దిగులు పని పోయినందుకు కాదు.

“ఫ్లెక్సీని ఎవురూ కాదనరు మే. రేపటికల్లా కావాల, కట్టాల, గాలికి చిరిగిపోవాల. ముఖం వైపు చూస్తే గదా కాదనేది? ఇంక నా పంక్తికి మనిషి యాడ దొరకతాడు?”

రైల్వే గేటు లేచింది. ఆటోను ఇంటికి కాదు, ఆయన కొట్టు దగ్గరికి పోనీయమన్నాను.

తమ్ముడి కొడుకు వెనక గదిలో నేల మీద కూర్చుని, చట్రాల్లోనుంచి పటాలు ఊడదీస్తున్నాడు. రెండు గోడలు అప్పటికే ఖాళీ. అట్టలన్నీ ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. నల్లగోడా, కుడి గోడా ఇంకా మిగిలి ఉన్నాయి.

“నిద్రలోనే పోయినాడక్కా. నీకు చెప్పేదానికి నంబరు లేకపాయె” అన్నాడు. కళ్లు వాచి ఉన్నాయి.

అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. తర్వాత అట్టల వైపు చూపించి అడిగాను.

“వీళ్లని ఏం చేస్తా ఉండావబ్బయ్యా?”

“చట్రాలు కావలాయనకి మాటిచ్చినా. బొమ్మలు ఆదివారం కూడిక అయినాక కాల్చేద్దామని. ఎవురెవురి చావులో మన ఇంట్లో ఎందుకక్కా? పెదనాయన ఉన్నన్నాళ్లూ ఆయన కోసం ఊరుకున్నాం.”

“నాకియ్యి.”

“మీ అమ్మ బొమ్మనా? రెండూ తీసుకో, అడగాల్నా?”

“అందర్నీ.”

అతను చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “నీకేమన్నా పిచ్చా అక్కా? నా పెళ్లి చెడగొట్టిన బ్యాచ్ అది. ఏం చేసుకుంటావు ఇంతమందిని?”

“కూర్చోబెడతా.”

“చట్రాలు మాత్రం ఇయ్యను.”

“చట్రాలు నువ్వే పెట్టుకో. ఇంక ఒక్కర్ని కూడా గోడ మీదనుంచి దించబాక. నేను దించుకుంటా.”

ఆ సాయంత్రం పాలెం నుంచి ట్రక్కు ఆటో పిలిపించాను. మిగిలిన రెండు గోడలూ ఒక కొస నుంచి మొదలుపెట్టి, ఎవరి తర్వాత ఎవరో తారుమారు కాకుండా దించాను. బోర్లించినవాళ్లను ఒక్కొక్కరినీ తిప్పి చూస్తూ వరస కలిపాను. ఇంటివాళ్లకు తెలియని మంచాయన, నవ్విన అత్త, కిటికీ పక్క ప్రేమగా చూసే ఆయన. ఎవరి పక్కన ఎవరో ఎన్నో ఏళ్లుగా విన్నదే. ఒక్కరి దగ్గర కూడా తడుముకోలేదు. తమ్ముడి కొడుకు మొదట గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత తనే చేతులు వేసి మోశాడు.

ఆదివారం కూడికకు పోయాను. షామియానా కింద పాస్టరు గారు మంచి మాటలు చెప్పారు, పాటలు పాడారు. వెనకాల అదే ఫ్లెక్సీ, ఇంకా పెద్దది. భోజనాలు పెడుతుండగా తమ్ముడి కొడుకు నా పక్కకు వచ్చాడు.

“ఎట్టుండాడక్కా మా పెదనాయన? కోటు నేనే ఎంచినా. బతికున్నన్నాళ్లూ రంగు మరకల చొక్కా తప్ప ఏసుకోలా. పోయేటప్పుడన్నా దర్జాగా ఉండాలని.”

పట్టుచీర కట్టించండి, ఇంకో వరస గొలుసు వేయండి అని అడిగినవాళ్లందరి గొంతూ అదే. ఆ గొంతుకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“కోటు బాగుందబ్బయ్యా. మనిషే ఆయన కాదు.”

“అదేందక్కా, ఫోటో ఆయందే గదా?”

“పోలిక రాలేదు.”

అతను నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఆ మాట ఆ ఇంట్లో విని పెరిగినవాడు. ఫ్లెక్సీ వైపు తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. ముందు అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఫ్లెక్సీని షామియానా కర్రకు కట్టిన తాడు తనే విప్పడం మొదలుపెట్టాడు.

“చిన్నది గేటు కాడుంది, అది తీసుకుపో అక్కా. ఇంత పెద్దది మీ ఇంట్లో పట్టదు” అన్నాడు. “కాదన్నోళ్లు దొరకరని దిగులుపడినాడు గదా ఆయన. నువ్వు దొరికినావు.”

మా ఇంటి ముందు గదిలో ఎండుచేపల గోతాలు ఉండేవి. వాటిని బయట రేకుల కిందకు మార్చాను. వాసన అంత తొందరగా పోదు. ఇప్పుడు ముక్కులు మూసుకోవడం వాళ్ల వంతు, అలవాటు పడతారు. చట్రాలు లేవు గనక ప్రతి అట్టకూ పైనా కిందా వెదురు బద్ద పెట్టి, వల దారంతో కట్టాను. అందరినీ కూర్చున్న మనిషి ఎత్తున తగిలించాను. తలుపు వెలుతురు పడే గోడ నల్లవాళ్లకిచ్చాను. పీట ఒకటి వేశాను. వచ్చినవాళ్లను కూర్చోమంటాను.

ఫ్లెక్సీని ఎక్కడ పెట్టాలా అని పెద్దగా ఆలోచించలేదు. మా అమ్మకు కుడి పక్క ముసలాయన ఎప్పటిలాగే ఏదో చెబుతున్నాడు. ఎడమ పక్క ఖాళీ ఉంది. ఆ చెవి ఆమెకు వినబడదు. ఈయనకేమో తనలో తాను గొణుక్కుంటూ పనిచేసే అలవాటు, ఎవరైనా వింటే విసుగు. ఆమె ముఖం తిరిగి ఉన్నది కూడా అటే. చెవి ముసలాయనకిచ్చి, ఈయన పని చేసుకుంటుంటే చూస్తూ ఉంటుంది. అక్కడే పెట్టాను. పెట్టి, పీట మీద కూర్చుని చూశాను. కోటు అలాగే ఉంది, జలపాతం అలాగే ఉంది. ఎడమ కనుబొమ మాత్రం పైకి లేచి, పోలిక వచ్చిందా అని నన్ను అడుగుతున్నట్టుంది.

ఇంకా రాలేదన్నా.

లేచి, ఫ్లెక్సీ కింది భాగాన్ని వెదురు బద్ద వెనక్కి మడిచి కట్టేశాను. అందులోనే పెద్ద ఎర్ర అక్షరాలతో ఆయన పేరు ఉంది. చక్కగా, తప్పుల్లేకుండా రాశారు. నేను చదివాను. కానీ పేరు రాయాల్సింది ఒప్పుకున్నాక. నేనింకా ఒప్పుకోలేదు.